ప్రవాస తెలుగు ఇంట టెలివిజను – నిన్న, నేడు

తెలుగు నాటికి దూరముగా తరతరాలుగా కాపురముంటున్న మనవంటివారికి టెలివిజను చరిత్రలో యంత్రముల కంటె భాష సంగతియే ముఖ్యము. మన మాట మన ఇంట వినబడవలెనన్న ఎవరి దయ కావలసివచ్చినది? మొదట ట్రాన్స్‌మిటరు స్తంభము దయ, పిమ్మట కేబులువాని దయ కావలసెను. నేడు ఇంటర్నెట్టు వచ్చి ఆ ఎంపికను మన చేతికే ఇచ్చినది. షోలాపురపు తెలుగువారి దృష్టితో ఈ మూడు దశలను సంగ్రహముగా పాఠకులకు మనవి చేయుచున్నాము.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలైనది. బొంబాయికి 1972లోను, మద్రాసుకు 1975లోను, హైదరాబాదుకు 1977లోను కేంద్రములు వచ్చినవి. ఆ ప్రసార తరంగములు ఇంచుమించు తిన్నగా పోవును. భూమి వంపు తిరిగినచోట అందకుండ పోవును. కనుక స్తంభము ఎంత ఎత్తో అంత మేరకే బొమ్మ. మరియు ఏ రాష్ట్రపు కేంద్రము ఆ రాష్ట్రపు భాషలో మాట్లాడుట న్యాయమే. షోలాపురమునకు హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. రైలెక్కిన పూటలో చేరవచ్చును. కాని హైదరాబాదు బొమ్మ మాత్రము మన ఊరు చేరలేదు.

1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు 'సైట్' అను ప్రయోగము జరిగినది. అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు నేరుగా పంపినారు. ఆంధ్రప్రదేశ్ పల్లెలు తెలుగు విన్నవి. పొరుగున నున్న కర్ణాటక పల్లెలు కన్నడము విన్నవి. మహారాష్ట్ర ఆ ఆరింటిలో లేదు. అయినను ఆకాశము నుండి దిగు బొమ్మకు స్తంభముల ఎల్లలు లేవని ఆ ఏడాదిలోనే రుజువైనది.

1982లో రంగుల బొమ్మయు, జాతీయ కార్యక్రమములును వచ్చినవి. 1987 జనవరిలో రామాయణము, 1988 అక్టోబరులో మహాభారతము ఆరంభమైనవి. ఆదివారము ఉదయము ఆ వేళకు వీధులు ఖాళీ అయ్యెడివనియు, పెట్టె ఉన్న ఇంట ఇరుగుపొరుగు పిల్లలందరు చేరెడివారనియు పెద్దలు చెప్పగా విన్నాము. అయితే రాముడు మాట్లాడినది హిందీ. తెలుగు కావలెనన్న ఆదివారము మధ్యాహ్నపు ప్రాంతీయ చిత్రములలో మన వంతు వచ్చువరకు వారముల తరబడి కాచుకొనవలెను. లేదా 'చిత్రమాల'లో పలు భాషల పాటల నడుమ వచ్చు ఒక్క తెలుగు పాటకై చెవి ఒగ్గవలెను.

1991లో గల్ఫు యుద్ధపు వార్తలతో మన పట్టణములకు కేబులు పాకినది. ఒక మేడపై పెద్ద డిష్షు నిలుపుట, అక్కడినుండి ఇంటింటికి తీగ లాగుట – ఇదే ఆ వ్యాపారము. 1995 ఫిబ్రవరి 9న జెమిని, ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమైనవి. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' వచ్చినది. శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు పాడువారి తప్పు ఉచ్చారణను ఓపికతో దిద్దుచుండగా, మరాఠీ బడిలో చదువు మన పిల్లలకు కూడ అది తెలుగు పాఠమైనది.

కాని ఏ ఛానలు ఇయ్యవలెనో నిర్ణయించువాడు కేబులువాడు. నేతపనివారును, బీడీలు చుట్టు అక్కలును అధికముగా నున్న పూర్వభాగమున తెలుగు ఇయ్యనిదే వానికి గిరాకీ లేదు. రెండే తెలుగు ఇండ్లున్న కాలనీలో అడిగినవారికి జవాబు లేదు. 2003 నుండి ఇంటింటి డిష్షు వచ్చి ఈ చిక్కును కొంత తీర్చినది. బదిలీలపై ఊరూర తిరుగు మావంటి రైల్వే ఉద్యోగులకు అది గొప్ప మేలు. 2019 ఫిబ్రవరి 1 నుండి ట్రాయ్ నియమముచే కావలసిన ఛానలునే కోరి, దానికే వెల చెల్లించు వీలు కలిగినది.

ఇక మూడవది ఇంటర్నెట్టు దశ. యూట్యూబు 2005లో పుట్టినది. మన దేశమున హాట్‌స్టార్ 2015లోను, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియోలు 2016లోను మొదలైనవి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చిన పిదప డేటా వెల బాగుగా పడిపోయి, చిత్రము చూచుట కూలివానికిని అందుబాటయ్యెను. ఇందులో బొమ్మను కొద్ది క్షణముల ముక్కలుగా చేసి పంపుదురు. లైను బలహీనమైన మసక ముక్క, బలముగా నున్న స్పష్టమైన ముక్క వచ్చును. స్తంభము ఒకే బొమ్మను ఒకే వేళ అందరికి పంచెడిది. ఇది అడిగినవానికి, అడిగిన వేళ, అడిగిన బొమ్మను పంపును.

తెలుగుకే ప్రత్యేకించిన 'ఆహా' 2020 మార్చి 25న, ఉగాదినాడు, లాంఛనముగా ప్రారంభమైనది. దేశమంతట లాక్‌డౌను అమలైనదియు ఆనాడే. మూడు దినములకు దూరదర్శన్ పాత రామాయణమును తిరిగి ప్రసారము చేయగా ఇండ్లలో పాత పెట్టెలును మేలుకొన్నవి. ఆ సెప్టెంబరులో 'వి' అను తెలుగు చిత్రము హాలు మొగము చూడకయే ఇంటికి వచ్చినది.

ఇంత సౌకర్యము మన పెద్దలు కలలోనైన ఎరుగరు. అయినను ఒక సంగతి చెప్పక తప్పదు. తెలుగు అందుట పెరిగినది. చెవిన పడుట తగ్గినది. ఒకే పెట్టె ఉన్ననాడు అవ్వ చూచు తెలుగు కార్యక్రమము అన్నము తినుచున్న మనుమని చెవిలోను పడెడిది. వాడు కోరి నేర్చినది కాదు, ఊరక అబ్బినది. నేడు ఎవరి ఫోను వారిది. ఒకే చిత్రమునకు నాలుగైదు భాషల ధ్వని ఉండగా పిల్లవాడు అలవాటుగా హిందీని నొక్కును. అవ్వకు పాస్‌వర్డు తెలియదు, చందా కట్టు విధము తెలియదు; ఆమె తన గదిలో మౌనముగా నుండును. ఇందుకు స్తంభమును గాని, కేబులువానిని గాని నిందింప వీలులేదు.

ఖర్చులేని ఉపాయమొకటి మాకు తోచినది. వారమునకు ఒక్క రాత్రి ఫోనులు ప్రక్కన పెట్టి, ఇంటిల్లిపాది పెద్ద పెట్టె ముందు కూర్చుండవలెను. ధ్వని తెలుగులో నుంచవలెను. 'పాడుతా తీయగా' పాత భాగములు అనేకము నేడు యూట్యూబులోనే దొరకును. కార్యక్రమమును ఎన్నుకొనువాడు మనుమడు కావచ్చును. తెలియని మాటకు అర్థము చెప్పునది అవ్వ కావలెను. మన వీధులలో గుడి పాడ్వా గుడి లేచు ఈ ఉగాదినాడే ఆ పని మొదలుపెట్టుట శుభము.