బోధిసిరి పేరు

దసరా సెలవుల్లో నాగార్జునకొండ వెళ్ళొచ్చాం. మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్యగారు లాంచీ ఎక్కగలరో లేదోనని భయపడ్డాను. తీరా చూస్తే పిల్లలకంటే ముందు ఆవిడే ఎక్కి కూర్చున్నారు.

ఇప్పుడు మనం చూసేది అసలు ఊరు కాదు. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి సాగర్ నీళ్ళ అడుగున ఉంది. ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదా, అనుపులోనూ మళ్ళీ పేర్చారు. మ్యూజియంలో నిలువెత్తుకు మించిన బుద్ధుడి ముందు అత్తయ్యగారు చేతులు జోడించి, "చుట్టూ తిరగొచ్చంటావా?" అని మెల్లగా అడిగారు. తిరిగొచ్చారు కూడా.

బి.ఏ.లో శాసనాలు పరీక్ష కోసం చదివాను, మార్కులతో పాటే మర్చిపోయాను. ఇంటికొచ్చాక మళ్ళీ తిరగేస్తే అంతా ఆడవాళ్ళే! రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన తోబుట్టువు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి దానాలు చేసింది. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు ఆవిడకి మేనల్లుడు, అల్లుడూనూ. అతని రాణుల్లో మేనత్తల కూతుళ్ళున్నారు. మన మేనరికాలు ఈనాటివా!

ఆవిడ రాజుగారి ఆడపడుచు, సరే. నన్ను పట్టుకున్నది మాత్రం బోధిసిరి. రాణి కాదు, ఒక గృహస్థు ఇంటి ఆడపడుచు. వీరపురుషదత్తుడి 14వ ఏట చుళధమ్మగిరి మీద సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. కంటకసోలలో, అంటే మన ఘంటసాలలో, రాతి మండపం, ఇంకోచోట చెరువు, మరోచోట భిక్షువులకి గది... జాబితా చాలా ఉంది. పుణ్యంలో భాగానికి భర్తనీ, అటువాళ్ళనీ, ఇటువాళ్ళనీ అందరినీ చేర్చింది. అయినా దాత పేరు తనదే.

ఇది అత్తయ్యగారికి చదివి వినిపించాను. మా ఊరి రామాలయం ధ్వజస్తంభానికి ఆవిడ నాలుగు గాజులు అమ్మి ఇచ్చారు. అక్కడి పలక మీద మామయ్యగారి పేరు, పక్కన "ధర్మపత్ని సమేతంగా" అని ఉంటుంది. నేను దాన్ని ముప్పైసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ తట్టలేదు.

కాసేపు ఊరుకుని, "మొగుడి పేరు కూడా రాయించిందా?" అన్నారు.

"రాయించింది అత్తయ్యా, అత్తమామలని కూడా."

"మంచిపిల్ల," అని చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టారు. కాసేపాగి మళ్ళీ, "ఏం పేరన్నావ్?"