బందరు కోట: బురదే కాపలా

మచిలీపట్నం పాత ఊరికి ఆగ్నేయంగా మైలున్నర దూరాన, పర్ర నేలలో ఉంది బందరు కోట. కొండా గుట్టా లేని తీరమది. రేవును కాచేందుకు కట్టింది కాబట్టి కోట చిత్తడిలోనే లేచింది. 1750లో రేవు ఫ్రెంచివారి చేతికి వచ్చాక మట్టిగోడలకు ఇటుక కట్టి, 11 బురుజులతో, కందకంతో గట్టిపరిచారు. ఊరి నుంచి కోటకు ఒకటే సన్నని గట్టుదారి. మిగతాదంతా బురద. అసలు కాపలా దానిదే.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించిన ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు సేనతో కలిసి మరుసటి మార్చిలో ఈ కోటను ముట్టడించాడు. జీతాలు అందని అతని తెల్ల సిపాయిలు ఎదురుతిరిగారు. మందుగుండు అడుగంటింది. ఫ్రెంచివారికి తోడుగా హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ బెజవాడ దాకా వచ్చేశాడు. ఇక ఆగితే నిలిచేది లేదు. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, పోటు తీసి కందకంలో నీళ్లు మూడడుగులకు దిగిన వేళ చూసుకుని ఫోర్డ్ దాడికి దిగాడు. ఆనందరాజు మనుషులు గట్టు మీద హడావిడి చేశారు. నైరుతిన ఇంకో దళం ఉత్తుత్తి దాడి చేసింది. అసలు దళం ఈశాన్యాన మోకాలి లోతు రొంపిలో నడిచి బురుజెక్కింది. తెల్లవారేసరికి, ఫోర్డ్ సొంత దళం కంటే ఎక్కువ మంది ఉండి కూడా ఫ్రెంచివారు లొంగిపోయారు. నమ్ముకున్న బురదే శత్రువుకు దారి ఇచ్చింది.

సాయం తెచ్చిన ఫ్రెంచి ఓడలు వారం తర్వాత గానీ రాలేదు. కోట చేజారిందని తెలిసి అవి ఉత్తరానికి తిరిగి, ఉద్దానం తీరం దాటి గంజాం చేరాయి. మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని, చుట్టుపక్కల సీమలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1765లో మొగలు ఫర్మానాతో శ్రీకాకుళం సర్కారు కూడా కంపెనీ చేతికి పోయింది. ఇచ్ఛాపురం దాకా తీరం ఏలిక మారడానికి ఆ రాత్రి దాడే పునాది.

ఫిరంగులకు నిలిచిన చోటు గాలివానకు నిలవలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత సైన్యం కోటను వదిలేసింది.

ఇప్పుడు మిగిలిన కొద్దిపాటి ఇటుక కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆవరణను పిల్లలు తిరిగే తోటగా తీర్చి, ఆ రాత్రి దళాలు నడిచిన దారులను పలకలు పెట్టి చూపిస్తే చాలు. గిలకలదిండి రేవు వైపు వెళ్లేవారు ఆటు వేళ ఇక్కడ ఒక్కసారి ఆగి, ఆ బురదను చూడాలి.