కవలూరు నుంచి యురేనస్ దాకా

1986 జనవరిలో పద్ధెనిమిది రోజుల ఎడంలో రెండు సంఘటనలు జరిగాయి. 6వ తేదీన తమిళనాడులో జవ్వాది కొండల నడుమ ఉన్న కవలూరు వేధశాలకు ప్రధాని రాజీవ్ గాంధీ వేణు బాప్పు పేరు పెట్టారు. 24వ తేదీన అమెరికా రోదసి నౌక వాయేజర్-2 యురేనస్ గ్రహం పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గ్రహాన్ని దగ్గరగా చూసిన నౌక అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు. నాలుగు రోజులకే ఛాలెంజర్ పేలిపోయి ఏడుగురు మరణించడంతో లోకం చూపంతా అటు మళ్ళింది. ఈ వేధశాలకూ ఆ గ్రహానికీ ఉన్న చుట్టరికం చెప్పుకోదగ్గది.

బాప్పుగారి పూర్వులు కేరళ వారైనా ఆయన పెరిగింది మన హైదరాబాదులో. తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. కుర్రవాడికి టెలిస్కోపు ఇంటి వస్తువుతో సమానం. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు స్కాలర్‌షిప్పుతో హార్వర్డు వెళ్ళి, 1949లోనే ఒక తోకచుక్కను కనిపెట్టాడు. బేగంపేటలో ఆ వేధశాల ఉన్న ఆవరణలో ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం నడుస్తోంది. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ దారిన పోయే మనవాళ్ళలో ఆ పాత గుమ్మటాల వంక తలెత్తి చూసేవారు ఎందరో! తిరిగి వచ్చిన బాప్పుగారు కొడైకెనాల్ వేధశాల బాధ్యత తీసుకుని, నల్లని ఆకాశం కోసం వెతికి వెతికి కవలూరును ఎంచుకున్నారు. అక్కడ 1972లో 40 అంగుళాల టెలిస్కోపు వెలిసింది.

1977 మార్చి 10న యురేనస్ ఒక మసక నక్షత్రానికి అడ్డుగా వస్తుందని ముందే లెక్క కట్టారు. అమెరికా వారు జేమ్స్ ఇలియట్ నాయకత్వాన టెలిస్కోపు అమర్చిన విమానంలో హిందూ మహాసముద్రం మీద ఎగురుతూ చూశారు. కవలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి నేలమీద నుంచే చూశారు. పది సెకన్లు కూడా నిండని ఒక్క క్షణం నక్షత్రపు వెలుగు తగ్గి మళ్ళీ వచ్చింది. గ్రహం ఇంకా అడ్డురాకుండానే! ఏదో కొత్త ఉపగ్రహం అయివుంటుందని మనవాళ్ళు మొదట అనుకున్నారు, అలాగే ‘నేచర్’ పత్రికకు రాశారు. విమానంలోని వారికి గ్రహానికి రెండు పక్కలా ఒకే దూరాల్లో వెలుగు తగ్గడం కనిపించింది. ఉపగ్రహాలు అలా జతలు జతలుగా నిలబడవు కదా! అవి వలయాలు. కవలూరు కాగితం మీద పడ్డ గుంట కూడా వలయానిదేనని తేలాక బాప్పు, భట్టాచార్య ఆ మాటే ప్రచురించారు. మొదట పొరబడ్డారని చిన్నచూపు అక్కరలేదు. చూసింది నిజం, పెట్టిన పేరే వేరు.

సరిగ్గా ఆ మార్చి నెలలోనే కాలిఫోర్నియాలో సిద్ధమవుతున్న రెండు నౌకలకు వాయేజర్ అని పేరు పెట్టారు. ఆ పథకం కథ విచిత్రమైనది. పెద్ద గ్రహాలు నాలుగూ దాదాపు 175 ఏళ్ళకు ఒకసారి మాత్రమే అనువుగా వరస తీరుతాయి. ఒక గ్రహపు ఆకర్షణ ఊపుతో తరవాతి గ్రహానికి పోతే, నెప్ట్యూన్‌కు 30 ఏళ్ళ ప్రయాణం 12 ఏళ్ళలో ముగుస్తుందని 1965లో గేరీ ఫ్లాండ్రో అనే విద్యార్థి లెక్కకట్టాడు. వెనకటిసారి అలా వరస తీరినప్పుడు యురేనస్ సంగతి మనిషికి తెలిసి పాతికేళ్ళు కూడా కాలేదు. నాలుగు గ్రహాల మహాయాత్ర ఖర్చు ఎక్కువని ప్రభుత్వం కాదంది. గురుడు, శని – ఈ రెంటికే, నాలుగేళ్ళకే అనుమతి. ఇంజనీర్లు తల ఊపారు గాని, వాయేజర్-2 దారిని యురేనస్ తలుపు మూసుకుపోకుండా గీశారు. శనివరకే పోయే నౌకకు అవసరం లేని సంకేతయంత్రం కూడా ఒకటి అందులో పెట్టారు. ఆడపిల్ల పెళ్ళి కుదరకముందే ఇల్లాలు ఒక్కొక్క గిన్నే కొని అటకమీద దాచిపెట్టినట్టు.

అయినా యురేనస్ ప్రయాణం ఇంకొకరి చేతిలో ఉంది. శని ఉపగ్రహం టైటాన్‌ను చూడటం ముఖ్యమనుకున్నారు. ముందుపోయిన వాయేజర్-1 ఆ పని చెయ్యలేకపోతే వాయేజర్-2 అటు తిరగాలి. తిరిగితే యురేనస్ లేదు. 1980 నవంబరులో వాయేజర్-1 గట్టెక్కింది, రెండోదానికి దారి వదిలింది.

తరవాత ఐదేళ్ళూ లెక్కలే. మన బహ్రెయిన్‌లో రాస్ అబూ జర్జూర్ దగ్గర 1969లో నెలకొల్పిన భూకేంద్రం మాట్లాడిన ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండేవి. యురేనస్ దగ్గరి వాయేజర్ అంతకు ఎనభై వేల రెట్ల దూరాన ఉంది. మాట చేరడానికి రెండుమ్ముప్పావు గంటలు. పలికే గొంతు ఇరవై చిల్లర వాట్లు, ఇంట్లో చిన్న బల్బుపాటి. అక్కడ ఎండ మన ఎండలో 370వ వంతు. ఫొటో తీయాలంటే కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి, నౌకేమో పరుగెడుతోంది. అందుకని బొమ్మ చెదరకుండా నౌకనే మెల్లగా తిప్పడం నేర్పారు. బొమ్మలను కుదించి పంపడానికి లోపలి రెండో కంప్యూటర్‌కు భూమినుంచే కొత్త పాఠం చెప్పారు. అప్పుడే ఆ దాచిపెట్టిన సంకేతయంత్రం అక్కరకొచ్చింది. యురేనస్ పక్కకు ఒరిగి దొర్లుతున్న గ్రహం. 1986లో దాని దక్షిణ ధ్రువం సూర్యుడికేసి ఉంది. ఉపగ్రహాల దారులన్నీ విలుకాడి గురిబల్లమీది గుండ్రాల్లా ఎదురుగా నిలిచాయి. బాణంలా పోయే నౌకకు అన్నిటినీ చూడటానికి దొరికేది కొద్ది గంటలు. పైగా నెప్ట్యూన్‌కు మలుపు తీసుకోవాలంటే గురి ఒక్కచోటే కుదురుతుంది. అందుచేత మిరాండా ఒక్కటే బాగా దగ్గరగా దొరికింది.

వలయాల కోసం మరో ఏర్పాటు చేశారు. రెండు నక్షత్రాల వెలుగు వలయాల వెనకనుంచి మిణుకుమంటుంటే నౌకలోని పరికరం కొలిచేటట్టు దారి వేళలు కుదిర్చారు. కవలూరు పద్ధతే, కాకపోతే గుమ్మం దగ్గరకు వెళ్ళి చేశారు. 1977, 78లలో భూమినుంచి తొమ్మిది వలయాలు తెలిశాయి. వాయేజర్ ఇంకో రెంటినీ, పది కొత్త ఉపగ్రహాలనూ చేర్చింది. అవి చూడటానికి బాప్పుగారు లేరు. 1982 ఆగస్టులో మ్యూనిక్‌లో కన్నుమూశారు.

ఆ కొద్ది గంటల చూపుమీదే ఇన్నేళ్ళూ పుస్తకాలు రాసుకున్నాం. 2024లో పాత కొలతలను మళ్ళీ తిరగేసినవారు, వాయేజర్ వెళ్ళిన రోజుల్లో సూర్యుడి గాలి బలంగా వీచి యురేనస్ అయస్కాంత క్షేత్రాన్ని నొక్కి ఉంచిందని తేల్చారు. ఎప్పుడూ ఉండే స్థితి అది కాదట. ఊరికి మనం వెళ్ళిన ఒక్కరోజే వరద వస్తే, ఆ ఊరికి ఎప్పుడూ వరదే అనుకున్నట్టయింది.

2022లో అమెరికా శాస్త్రజ్ఞుల సంఘం, రానున్న పదేళ్ళ పెద్ద పథకాల్లో మొదటి స్థానం యురేనస్‌కే ఇచ్చింది: గ్రహం చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగే నౌక ఒకటి, వాయుమండలంలోకి దిగే పరికరం ఒకటి. 2031, 32లలో బయలుదేరితే గురుడి ఊపు దొరుకుతుంది, పన్నెండు పదమూడేళ్ళలో చేరుతుంది. అంత దూరాన ఎండతో కరెంటు రాదు గనుక ప్లుటోనియం కావాలి. అది చాలినంత లేదు. ఆలస్యమైతే గురుడు తప్పుకుంటాడు, బరువు తగ్గించి వేరే దారి వెతకాలి. ఇంకో గడువు కూడా ఉంది. 1986లో చీకట్లో ఉండి కనిపించని ఉపగ్రహాల ఉత్తరార్ధాల మీద ఇప్పుడు వెలుగు పడుతోంది. 2050 ప్రాంతానికి సూర్యుడు గ్రహపు నడిమిరేఖ దాటి, అవి మళ్ళీ చీకట్లోకి జారడం మొదలవుతుంది.

కవలూరులో ఇప్పుడు భట్టాచార్యగారి పేరున కూడా ఒక టెలిస్కోపు ఉంది. ఈ ఏళ్ళలో యురేనస్ వృషభరాశిలో, కృత్తికలకు దాపున నడుస్తోంది. చలికాలంలో సఖీర్ ఎడారిలో డేరాలు వేసుకునేవారు దీపాలార్పి, బైనాక్యులర్‌తో వెతికితే నీలి ఆకుపచ్చ చుక్కగా దొరుకుతుంది.