ఋతుపర్ణుని లెక్క – ఇరవయ్యొకటి ఆట

పేకముక్కల రంగులకు మనవారు పెట్టుకొన్న పేర్లంటే భాషాధ్యాపకునిగా నాకు మొదటినుంచీ ఆసక్తి. కళావరు డచ్చివారి క్లావర్. ఆఠీను వారి హార్టెన్. డైమను అనే మాట ప్రబలక ముందు పెద్దలు వాడిన రూయితను కూడా ఆ భాషదే. ఇస్పేటు మాత్రం పోర్చుగీసువారి ఎస్పాదకు చుట్టమనిపిస్తుంది. మా కొత్తవలసకు ఒక పూట ప్రయాణంలో ఉన్న భీమునిపట్నంలో డచ్చివారు పదిహేడో శతాబ్దంలో కోఠీ పెట్టారు. 1825లో ఆ ఊరు ఆంగ్లేయుల వశమైంది. వారు వెళ్ళిపోయారు, సమాధులు మిగిలాయి, పేకముక్కల పేర్లు మిగిలాయి. విజయనగరంలో కూర్చొని గురజాడవారు 1909 నాటి కన్యాశుల్కంలో మధురవాణి చేత పేక ఆడించే నాటికి ఈ ఆట మన ప్రాంతంలో ఎంతగా ఇంకిపోయిందో వేరే చెప్పనక్కరలేదు. కిరండూలు పాసింజరులో నలుగురు మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి ముక్కలు వేయడం నా ఉద్యోగకాలమంతా చూశాను.

ఈ ప్రస్తావనకు కారణం ఒక పూర్వవిద్యార్థి. అమెరికాలో స్థిరపడినవాడు, గణితంలో చురుకైనవాడు. సెలవులకు వచ్చి, "మాస్టారూ, కాసినోలో ఆడేవాడికే మొగ్గుండే ఆట ఒకటుంది తెలుసాండీ?" అన్నాడు. జూదశాలలో ఆడేవానికి మొగ్గేమిటి, అది వదతోవ్యాఘాతం కదా అని నేను నవ్వాను. అతడు చెప్పినది విన్న తరువాత ఆ విషయం మీద దొరికినవన్నీ చదివాను. చదివిన కొద్దీ అది మన భారతంలోనికే దారి తీసింది.

ఆట పేరు బ్లాక్‌జాక్. మనం ఇరవయ్యొకటి అందాం. ముక్కల విలువలు కూడి 21కి చేరువ కావాలి, దాటితే ఓటమి. బొమ్మలన్నీ పదేసి. ఆసు ఒకటిగానో పదకొండుగానో చెల్లుతుంది. మొదటి రెండు ముక్కలే ఆసూ, పదీ అయితే పందానికి ఒకటిన్నర రెట్లు ఇస్తారు. పంచేవానికి స్వేచ్ఛ లేదు. 16 వచ్చినా ఇంకొక ముక్క తీయాల్సిందే, 17 వస్తే ఆగాల్సిందే. ఆడేవాడు ముందుగా ఆడాలి గనుక ముందుగా ఓడతాడు. కాసినో లాభమంతా ఆ ముందువెనుకలలోనే ఉంది.

జాతరలలో ఆడే గుండాటకూ దీనికీ ఒక మౌలికమైన భేదముంది. పాచికకు జ్ఞాపకం లేదు. ఇప్పుడు ఆరు పడిందని తరువాత ఆరు పడడం మానదు. పేకకట్టకు జ్ఞాపకం ఉంది. వెళ్ళిపోయిన ముక్క, కట్టను మళ్ళీ కలిపేదాకా తిరిగి రాదు. నాలుగు ఆసులూ వెళ్ళిపోతే ఒకటిన్నర రెట్ల లాభం ఆ కట్టలో ఇక ఎవరికీ లేదు. అదేవిధంగా నాలుగు అయిదులూ వెళ్ళిపోతే, ఒకే కట్టతో ఆడే ఆటలో, మొగ్గు ఆడేవాని వైపు నూటికి మూడు పైచిలుకు తిరుగుతుంది. పంచేవాని పదహారును ఇరవయ్యొకటి చేసే ముక్క అయిదు గదా! కాబట్టి ఈ ఆటలో గెలుపు రాబోయే ముక్కను ఊహించడంలో లేదు, పోయిన ముక్కలను గుర్తుంచుకోవడంలో ఉంది.

ఇక్కడ నాకు ఋతుపర్ణుడు స్ఫురించాడు. అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మిత్రులకు తెలిసినదే, దానిని తెనిగించినవారు నన్నయగారే. జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యరాజుకు సారథి అయ్యాడు. దమయంతి రెండవ స్వయంవరమని విని ఇద్దరూ విదర్భకు రథం మీద పోతున్నారు. దారిలో ఒక తాండ్రచెట్టును చూసి ఋతుపర్ణుడు దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పాడు. సంస్కృతమూలంలో రెండు కొమ్మలకు అయిదు కోట్ల ఆకులు, 2095 కాయలు. అసలు సంగతి తరువాతిది. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. స్వయంవరానికి వేళ మించిపోతున్నదని రాజు తొందరపడుతున్నా రథం ఆపి, లెక్కపెట్టి, సరిపోయిన తరువాతనే ఆ విద్య నేర్పమని అడిగాడు. తన అశ్వహృదయం ఇచ్చి అక్షహృదయం పుచ్చుకొన్నాడు. ఆ క్షణంలో కలి అతనిని విడిచి తాండ్రచెట్టులో దూరాడు.

చెట్టు ఎంపిక కూడా కాకతాళీయం కాదు. వైదికకాలపు జూదరులు ఆడినది తానికాయలతోనే. త్రిఫలచూర్ణంలో వేసుకొనే తానికాయే అది. ఒక చెట్టు కొమ్మలను చూసి మొత్తం లెక్క కట్టడానికీ, జూదంలో నేర్పుకూ సంబంధం ఉందని ఆ కథ చెప్పినవానికి తెలుసు. ఇయాన్ హాకింగ్ అనే తత్త్వవేత్త సంభావ్యతాశాస్త్రం పుట్టుక మీద 1975లో ప్రకటించిన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. మన తరగతులలో మాత్రం దానిని కలి విడిచిన ఘట్టంగానే చెప్పుకొంటూ వచ్చాం.

ఇరవయ్యొకటికి ఋతుపర్ణులు నలుగురు. 1950ల నడుమ మేరీలాండులోని అబర్డీన్ సైనికకేంద్రంలో పనిచేసిన బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్. కార్యాలయపు బల్లల మీది లెక్కయంత్రాలతోనే ప్రతి సందర్భంలోనూ ఆడేవాడు ఏమి చేయాలో గణించి 1956లో అమెరికా గణాంకశాస్త్రజ్ఞుల సంఘపత్రికలో ప్రకటించారు. ఆ పద్ధతి ప్రకారం ఆడితే కాసినో మొగ్గు దాదాపు సున్నాకు దిగుతుంది. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితాధ్యాపకుడు 1958 చివర ఆ పట్టిక చేతపట్టుకొని లాస్ వేగాస్‌లో పది డాలర్లతో కూర్చొని ఎనిమిదిన్నర పోగొట్టుకొన్నాడు. నలునివలె ఇతడూ ఊరుకోలేదు. ఐబీఎం 704 యంత్రం మీద ఒక్కొక్క ముక్కను తీసివేసి లెక్క కట్టించాడు. అయిదుల రహస్యం అలా బయటపడింది. దానిని క్లాడ్ షానన్ సిఫారసుతో 1961లో ప్రకటించి, ఇద్దరు ధనికులు సమకూర్చిన పదివేల డాలర్లతో నెవాడాకు వెళ్ళి, కొద్దిరోజులలో సుమారు పదకొండు వేలు గెలిచాడు. 1962లో వచ్చిన అతని పుస్తకం లక్షలమందికి ఆ విద్య పంచిపెట్టింది.

థోర్ప్ నలుని కంటె వివేకి అని నా అభిప్రాయం. నలుడు అక్షహృదయం నేర్చి వచ్చి పుష్కరునితో ఒకే పందానికి సర్వస్వం ఒడ్డాడు. కావ్యానికి అది శోభ. కాని మొగ్గు నూటికి ఒకటో రెండో ఉన్నప్పుడు సర్వస్వం ఒడ్డిన పండితుడూ పామరుడూ ఒక్కటే. బెల్ ప్రయోగశాలకు చెందిన కెల్లీ 1956లో చూపిన సూత్రం ప్రకారం థోర్ప్ తన దగ్గరి సొమ్ములో మొగ్గుకు తగినంత వంతే పందెం కాసేవాడు.

మా శిష్యుడు వాడుకలోని తేలిక లెక్క నేర్పాడు. రెండు నుంచి ఆరు దాకా ఏ ముక్క బయటపడినా ఒకటి కూడాలి. పదులకూ ఆసులకూ ఒకటి తీసివేయాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిదులను వదిలేయాలి. మొత్తం పెరిగితే పందెం పెంచాలి. వినగానే నాకు అవధానంలోని ఘంటాగణనం గుర్తుకు వచ్చింది. పద్యపాదం అల్లుతూ, అప్రస్తుతప్రసంగికి సమాధానం చెబుతూ, మోగిన గంటలను మనసులో కూడుకొంటూ పోవడమే గదా! మా అరుగు మీద చింతపిక్కలు పందెంగా మూడు సాయంకాలాలు ఆడాం. మొదటినాడు నలభై పిక్కలు ఓడాను. రెండవనాడు చేతిలోవి చేతిలో ఉన్నాయి. మూడవనాటి చివరలో లెక్క ఆరుకు పెరిగింది, అయిదేసి పిక్కలు పెట్టాను, రెండుసార్లు ఆసూ రాజూ వచ్చాయి. అరవై పైచిలుకు గెలిచాను. మా శిష్యుడు ముక్కలు పోగుచేస్తూ, "మాస్టారూ, ఇదే అక్కడైతే మీ భుజం మీద ఈపాటికి ఎవరిదో చెయ్యి పడేదండి" అన్నాడు.

ఆ చేయి కథ కూడా చరిత్రే. 1964 వసంతంలో లాస్ వేగాస్ కాసినోలు నియమాలను బిగించాయి. ఆడేవారు తగ్గిపోగా కొద్దివారాలకే మళ్ళీ సడలించుకొన్నాయి. లెక్కపెట్టేవారు తక్కువ, లెక్క తెలుసుననుకొనేవారు ఎక్కువ అని గ్రహించాయి. అసలైనవారిని మాత్రం గుర్తుపట్టి బయటకు పంపసాగాయి. అట్లాంటిక్ సిటీలో 1978లో తొలి కాసినో తెరిచినప్పుడు ఒక వింత నియమం ఉండేది. పంచేవాడు తన మూసిన ముక్క చూసుకోకముందే ఆడేవాడు సగం పందెం వదులుకొని తప్పుకోవచ్చు. ఆ ఒక్క నియమంతో, లెక్క రానివానికైనా, పట్టిక ప్రకారం ఆడితే చాలు, మొగ్గు కొంచెం తన వైపే. అటువంటి ఆట మళ్ళీ దొరకడం అరుదు. 1979 డిసెంబరులో అక్కడి అధికారులు గణకులను వెళ్ళగొట్టరాదని ప్రయోగాత్మకంగా ఆదేశిస్తే, దేశం నలుమూలల నుంచీ వారు వచ్చి వాలారు. పక్షం తిరగకుండానే ప్రయోగం ముగిసింది. కెన్ ఉస్టన్ అనే ఆటగాడు వ్యాజ్యం వేసి 1982లో న్యూజెర్సీ అత్యున్నత న్యాయస్థానంలో గెలిచాడు. నేర్పున్నదని ఆటగాణ్ణి కాసినో తనంతట తాను వెళ్ళగొట్టరాదన్నది తీర్పు. కాసినోలు కట్టల సంఖ్య పెంచి, మాటిమాటికీ కలిపి, తీర్పు చెక్కుచెదరకుండానే ఆటను మార్చేశాయి. నెవాడాలో ఆ రక్షణ కూడా లేదు.

అవే సంవత్సరాలలో మన రాష్ట్రంలో జరిగినది దీనికి సరిగ్గా విపర్యయం. 1963లో సికిందరాబాదులోని ఒక వినోదసంఘం మీద పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకొన్నారు. మేజిస్ట్రేటు శిక్షించారు, హైకోర్టు కొట్టివేసింది, రాష్ట్రప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ వ్యాజ్యంగా ప్రసిద్ధమైనది ఇదే. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: మూడుముక్కలాట కేవలం అదృష్టం, రమ్మీ అట్లా కాదు, పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నేర్పు. నిర్వాహకులు ఆట మీద లాభం తీస్తే సంగతి వేరని కూడా అన్నారు. ఏ ధారణను చూసి నెవాడాలో గుమ్మం చూపిస్తారో, ఆ ధారణే మన న్యాయస్థానంలో ఆటగాణ్ణి నిర్దోషిని చేసింది. రెండుచోట్లా దానిని నేర్పుగానే ఒప్పుకొన్నారు. తేడా ఎక్కడంటే, రమ్మీలో పోయేది తోటి ఆటగాని సొమ్ము, ఇరవయ్యొకటిలో పోయేది ఇంటివానిది.

ఇంటివాని వంతు సంగతి కౌటిల్యునికీ తెలుసు. అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు గెలిచిన సొమ్ములో నూటికి అయిదు పుచ్చుకోవాలి, కపటపు పాచికలు పెట్టినవానికి దండన. అయిదని బాహాటంగా చెప్పి తీసుకోవడం నాకు నచ్చింది. ఇప్పటి కాసినోలలో చాలా బల్లల మీద ఆసూ పదికి ఒకటిన్నర రెట్లు మాని ఆరుకు అయిదు లెక్కన ఇస్తున్నారు. చూడడానికి చిన్న మార్పు. ఆసూ పదీ కలిసి వచ్చేది సుమారు 21 పంపకాలకు ఒకసారి గనుక, దానివల్ల ఆడేవాడు నూటికి దాదాపు 1.4 అదనంగా నష్టపోతాడు. అబర్డీన్ సైనికులు అంత శ్రమపడి తగ్గించినది అరవ్రాసిన ఒక చిన్న పంక్తిలో తిరిగి వెళ్ళిపోయింది.

మా వైపు కుర్రవాళ్ళు గోవా వెళ్ళి ఆడి వస్తున్నారు. వెళ్ళే ముందు నా దగ్గరకు వచ్చి, ఆ లెక్కేదో చెప్పండి మాస్టారూ అంటారు. చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు, అది రహస్యమూ కాదు. మూడు ప్రశ్నలు మాత్రం వేస్తాను. బల్ల మీద ఆసూ పదికి ఎంత ఇస్తారని వ్రాసి ఉంది? ఎన్ని కట్టలు కలుపుతారు? ముక్కలు పంచేది మనిషా, ఎడతెగకుండా కలిపే యంత్రమా? ఆ యంత్రం ఉన్నచోట పోయిన ముక్క వెంటనే తిరిగి వస్తుంది. కట్టకు జ్ఞాపకం లేదు, పాచికతో సమానం. ఋతుపర్ణుడు వచ్చి కూర్చున్నా అక్కడ లెక్కించడానికి ఏమీ ఉండదు. ఇంతవరకూ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పినవాడు ఒక్కడే.