ధ్వనివర్ధకము: పదిమంది చేతిపని

సభలో కడపటివానికి వినబడని మాట పలికియు బలుకనట్లే. ఈ కొఱతను దీర్చు ధ్వనివర్ధకమునకు మూలము 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు నిర్మించిన వాల్వు. వెలువడు సంకేతములో కొంత వెనుకకు మరల్చి వికృతిని దగ్గించు నుపాయమును 1927లో హెరాల్డు బ్లాకు కనుగొనెను. దానినే గైకొని 1947లో ఇంగ్లండున విలియంసను 15 వాట్ల యంత్రపు కొలతలను పత్రికలో ప్రకటింపగా, దేశదేశముల సామాన్యులు దానిని స్వహస్తములతో గట్టుకొనిరి.

1986లో ఆదిలాబాదున ఆకాశవాణి కేంద్రము వెలసినది. ఆ సీమలోను, కరీంనగరు పల్లెలలోను పదిమంది గూడిన నిట్టి పని సాధ్యమే. కాని ముందు సభ పరిమాణమును, వ్యయమును నిశ్చయించి, ఒక్కటి గట్టి పరీక్షింపవలెను. లేకున్న నొకని తప్పు పదింటను బ్రవేశించును. విద్యుత్తు నాపినను లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకశక్తి నిలిచియుండును. ఎఱిగినవాని తోడు లేక మూత దీయరాదని నా మనవి.