సోల, వీసె

ఆంధ్రదేశపు వంటయిండ్లలో మొన్నమొన్నటివరకు రెండు మానములు ప్రక్కప్రక్కనే వర్తించుచుండెను. బియ్యము, పప్పులు, పిండి, ఉప్పు కొలతకు వచ్చునవి; బెల్లము, చింతపండు, మిరపకాయలు తూనికకు వచ్చునవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. అటుపైన తూము, పుట్టి. తూనికయందు మూడు తులములు పలము, నలువది పలములు వీసె, ఎనిమిది వీసెలు మణుగు. ఈ రెండు వరుసలను కలుపు నిష్పత్తి ఒక్కటే యుండజాలదు. ఏలయన సోలెడు బియ్యమును, సోలెడు పిండియు, సోలెడు నేయియు పాత్రలో ఒకే చోటు నాక్రమించినను త్రాసునందు ఒకేరీతి తూగవు.

ఈ సంగతిని పూర్వులు మిగుల సూక్ష్మముగా గ్రహించియుండిరి. అర్థశాస్త్రమున కౌటిల్యుడు మానముల పర్యవేక్షణకు పౌతవాధ్యక్షుడను అధికారిని విధించి, ద్రోణమను కొలపాత్రను నిర్ణయించుచు, దాని లోతును వెడల్పును గాక, 200 పలముల మినుములు పట్టునది ద్రోణమని చెప్పెను. కొలతకు ప్రమాణము తూనికయే యైనదన్నమాట. అదియు ఏదో ధాన్యము కాదు, మినుములని పేరుపెట్టి చెప్పుటలోనే ఆయన వివేకము కానవచ్చుచున్నది. రాజాదాయమునకు పట్టు ద్రోణము 200 పలములు కాగా, వ్యవహారమున చెల్లు ద్రోణము 187½ పలములే యగుట చూడగా, పుచ్చుకొను పాత్రకును ఇచ్చు పాత్రకును భేదము నాటినుండియే కలదని తెలియును. వైద్యగ్రంథమగు శార్ఙ్గధరసంహిత మరియొక అడుగు ముందునకు వేసి, చిన్న మానమగు కుడవమువరకు అన్ని ద్రవ్యములకును మానము సమమనియు, దానికి పైదగు ప్రస్థము మొదలుకొని ద్రవములను, పచ్చి మూలికలను చెప్పినదానికి రెట్టింపు గ్రహింపవలెననియు శాసించినది.

అంగడివీథిలో ఈ శాస్త్రమునకు కొలచువాని చేతివాటము తోడయ్యెను. ధాన్యమును గోపురముగా పొంగించి కొలచినదానికిని, అంచునకు సమముగా త్రోసి కొలచినదానికిని అంతరము తక్కువ కాదు. మొదటి కుంచమును ఒకటి యనక లాభమని లెక్కించు శుభాచారము మాత్రము కళ్ళములన్నిటను వినవచ్చుచుండెను. సోల యొక్క పరిమాణమో, ఊరూరికి మారుచుండెను.

ఇంగ్లీషువారు 1833లో తులమును 180 గ్రెయినులుగా స్థిరపరచిరి. ఆ లెక్కను 120 తులముల వీసె నేటి 1,400 గ్రాములకు సరిపోవును. స్వతంత్రభారతమున 1956నాటి తూనికలు కొలతల చట్టముచే మెట్రిక్ పద్ధతి విహితమై, 1958 అక్టోబరునుండి క్రమక్రమముగా అమలులోనికి వచ్చెను. వీసెను కిలోగ్రాములలోనికి మార్చుట ఒక గుణకారముతో తీరిపోయెను. సోలకు ఆ సౌకర్యము లేకపోయెను. అంగడులలో బియ్యమును పప్పును తూచి అమ్మసాగినకొలదిని, కొలతనే నమ్మిన గృహిణి ఒక్కొక్క దినుసునకు వేరువేరు లెక్క వెదకికొనవలసివచ్చెను.

అన్నమునకు ఇది అంతగా బాధింపలేదు. సోల బియ్యమునకు రెండు సోలల నీరన్నపుడు పాత్ర యేదైనను పాళ్ళు చెడవు. ఆవకాయయందట్లు కాదు. సోలలతో నిర్ణయించిన ఉప్పు, కారము, ఆవపిండి పాళ్ళను అట్లే సమానమైన గ్రాములుగా తలచి వేసినచో, పాత్రలో వదులుగా నిలుచు కారము అధికమై, బరువైన ఉప్పు తగ్గి, ఊరగాయ బూజుపట్టును. పూర్వము కల్లుప్పును దంచి కొలచెడివారు. నేటి మెత్తని ఉప్పు అదే సోలలో ఇంకను బిగువుగా దిగి ఎక్కువ తూగును. కనుక పెద్దల పాళ్ళను నిలుపుకొనదలచువారు ఇంట మిగిలిన పాతసోలను పాతసామానుల వర్తకునకు వేయకమునుపే దానితో ఒక్కొక్క దినుసును నింపి తూచి, ఆ గ్రాములను పాళ్ళ ప్రక్కన వ్రాసికొనవలెను. నీటిని మాత్రము తూచి ఊరకుండరాదు. ఆ తూకము పాత్ర యెంత పట్టునో చెప్పును గాని, ఆవపిండి యెంత తూగునో చెప్పదు.