తప్పు దీపానిది కాదు

మొన్న సంక్రాంతికి నస్పూర్‌లో మా పుట్టింటికి వెళ్లాను. మంచిర్యాల స్టేషన్లో రైలు దిగేసరికి రాత్రి పదకొండు దాటింది. డెబ్బైయారేళ్ల మా బాపు తన 1984 మోడలు అంబాసిడరు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. వద్దంటే వినడు. "నా బండి వుండంగ ఆటోల వస్తవా బిడ్డా?" అంటాడు.

వీధిదీపాలు లేని చోటికి వచ్చాక గాని నాకు సంగతి అర్థం కాలేదు. బండి ముందు రెండు దీపాలు వెలుగుతూనే వున్నాయి. కాని ఆ వెలుతురు ఆముదపు ప్రమిదలా పచ్చగా, నీరసంగా వుంది. నాలుగు గజాల అవతల ఏముందో తెలియదు. వున్నట్టుండి బాపు బ్రేకు తొక్కాడు. బండికి జానెడు దూరంలో సైకిలు, దానిమీద మనిషి! రెండో షిఫ్టు దిగి యింటికి పోతున్న బాయి కార్మికుడు. హాండిలుకి టిఫిను డబ్బా వేలాడుతోంది. "జర మెల్లగ, సార్" అని, తప్పు తనదే అయినట్టు పక్కకి తప్పుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ బండి కదలడానికి చాలాసేపు పట్టింది. ముప్ఫైయేళ్లు బాయిలో పనిచేసిన మనిషి మా బాపు. ఆ సైకిలు మీది మనిషి యెవరో పేరు తెలియకపోయినా, యెవరో ఆయనకి తెలుసు.

ఒక్క సంగతి గమనించారా? బాయిలో వున్నంతసేపూ ఆ మనిషి టోపీకి దీపం వుంటుంది. పైకి రాగానే దాన్ని లాంపురూములో అప్పగించాలి. అంటే భూమి అడుగున వెలుతురు పట్టుకు తిరిగినవాడు, భూమి మీదికి వచ్చి చీకట్లో యింటికి పోతాడన్న మాట. అతన్ని చూడవలసిన బాధ్యత యెదురొచ్చే బండి దీపానిదే.

తెల్లవారగానే బాపు మంచిర్యాల నుంచి యెలక్ట్రీషియనుని పిలిపించాడు. "ఇంకా పెద్ద బల్బు పెట్టు" అన్నాడు. ఆ కుర్రాడు నవ్వి, "బల్బుది తప్పు లేదు సార్. పెద్దది పెడితే స్విచ్చి కాలుతది" అన్నాడు. నేను కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాను.

కారు వైర్లకీ ఆడవాళ్లకీ ఏం సంబంధం అనకండి. లోకంలో కారు వేసుకుని మొట్టమొదట దూరప్రయాణం చేసింది బెర్తా బెంజ్ అనే యిల్లాలు. 1888 ఆగస్టులో, జర్మనీలో, భర్తకి చెప్పకుండా, యిద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, మాన్‌హైం నుంచి వందకు పైగా కిలోమీటర్ల దూరంలో వున్న పుట్టింటికి బయలుదేరింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి బాగుచేసింది. యింజనులో నిప్పురవ్వ పుట్టించే తీగ వొరుసుకుపోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి దానికి చుట్టింది. ఆ కారు వైరింగుకి రిపేరు చేసిన చేతులకి గాజులున్నాయో లేదో గాని, ఆడచేతులే!

ఆ మరుసటి యేడే, 1889లో, యిల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది. అదే తర్వాత 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. కారుకీ బొగ్గుబాయికీ యీడు సరిపోయిందంటే అబద్ధం కాదు. ఇద్దరికీ కావలసింది వొకటే, ముందు దారి చూపే దీపం.

మొదట్లో ఆ దీపం కూడా ఇద్దరికీ వొకటే. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడుతున్నారని మనం తిట్టుకునే కార్బైడు వుంది చూడండి, దాని మీద నీటిబొట్లు పడితే అసిటిలీన్ గ్యాసు పుడుతుంది. ముట్టిస్తే తెల్లగా వెలుగుతుంది. 1900 తర్వాత పదేళ్లపాటు చాలా కార్ల దీపాలు ఆ గ్యాసుతోనే వెలిగాయి. ఆ రోజుల్లోనే అనేక దేశాల గనికార్మికులు అదే దీపాన్ని టోపీకి తగిలించుకున్నారు. ఇంతకీ కార్బైడు తయారయ్యేది బొగ్గునుంచి వచ్చే కోకుతోనూ, సున్నంతోనూ. బొగ్గు తవ్వడానికి వెలుతురు బొగ్గే యిచ్చిందన్న మాట. కాని మండే గ్యాసు వూరే బొగ్గుగనుల్లో వొట్టి మంట పనికిరాదు. అందుకే 1815లోనే హంఫ్రీ డేవీ దీపం చుట్టూ సన్నని తీగవల బిగించి, మంట బయటికి దాటకుండా కాపలా పెట్టాడు.

1912లో అమెరికాలో కాడిలాక్ కారుకి చార్లెస్ కెటరింగ్ కరెంటు స్టార్టరూ, దానితోపాటు కరెంటు దీపాలూ అమర్చాడు. అప్పటిదాకా బండి ముందు నిలబడి, బలమంతా పెట్టి యినుప కడ్డీ తిప్పితేగాని యింజను లేచేది కాదు. మీట నొక్కితే లేచే కారు వచ్చాక ఆడవాళ్లు ధైర్యంగా స్టీరింగు పట్టారు. మరో రెండేళ్లకి, 1914 ప్రాంతంలో, ఎడిసన్ గనికార్మికుడి నడుముకి బ్యాటరీ కట్టి, టోపీకి బల్బు తగిలించాడు. కార్బైడు కంపు రెండుచోట్లా అలా వదలడం మొదలైంది.

కాని కరెంటు దీపానికి కరెంటు దీపం పేచీలే వున్నాయి. మన కుర్రాడు దీపాలు వేసి మీటరు పెట్టి చూపించాడు. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు. బల్బు దగ్గర పదిన్నరే! తక్కువైంది రెండే కదా అనుకున్నాను. అక్కడే వుంది మోసం. వోల్టేజి పదోవంతు తగ్గితే యీ బల్బుల వెలుతురు దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది. మా బండికి తగ్గింది అంతకన్నా యెక్కువ. అంటే సగం వెలుతురు దారిలోనే పోతోందన్న మాట.

ఎక్కడ పోతోంది? బ్యాటరీ వుండేది బానెట్ కింద, దీపాలుండేది బానెట్ చివర. కాని కరెంటు అటునుంచటు పోదు. డ్రైవరు ముందున్న స్విచ్చికి వెళ్లి, డిప్పరు స్విచ్చి గుండా తిరిగి ముందుకి రావాలి. నలభైయేళ్ల సన్నని తీగలు, చిలుము పట్టిన అతుకులు. నిండుబిందె పదిచేతులు మారి వచ్చేసరికి సగమైనట్టు! పైగా కరెంటు తిరిగిపోయే దారి, అదే ఎర్తు, బండి రేకుకి బిగించిన చోట తుప్పు పట్టింది. పెద్ద బల్బు పెడితే ఆ యిరుకుదారిలో యింకా యెక్కువ కరెంటు తోసుకోవాలి. తీగ వేడెక్కుతుంది, నష్టం పెరుగుతుంది.

ముందు ఎర్తు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మెరిసే రేకుకి బిగించాడు. తర్వాత రెండు రిలేలు పెట్టాడు, దూరం వెలుతురుకి వొకటి, దగ్గర వెలుతురుకి వొకటి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేసి, అక్కణ్ణుంచి లావుపాటి తీగ రిలే మీదుగా సూటిగా దీపానికి లాగాడు. ఇక పాత స్విచ్చీ, పాత తీగలూ బరువు మొయ్యనక్కర్లేదు. 'వెలిగించు' అని రిలేకి కబురు చెబితే చాలు.

ఈ రిలే అన్నది కారుకోసం పుట్టింది కాదు. 1835లో జోసెఫ్ హెన్రీ తంతివార్త కోసం కనిపెట్టినది. దూరం పోయేకొద్దీ కరెంటు నీరసించేది. అది పూర్తిగా చావకముందే, దాని చేతనే కొత్త బ్యాటరీ కరెంటుని మేలుకొలిపేవారు. పూర్వం మన దగ్గర అంచె గుర్రాలుండేవి కదూ? అలసిన గుర్రాన్ని ఆపి, తాజా గుర్రాన్ని యెక్కి, కబురు ముందుకి తీసుకుపోయేవారు. ఇంగ్లీషువాళ్ల రిలే మాటకి మొదటి అర్థాల్లో అంచె గుర్రాలు కూడా వున్నాయి. మా బాపు వైరింగుకి అంచె వేశారన్న మాట.

మీటరు మళ్లీ పెడితే బల్బు దగ్గర పన్నెండు వోల్టులు. అవే బల్బులు! "పన్లో పని, తెల్లటి ఎల్‌ఈడీలు పెట్టుమంటరా?" అన్నాడు కుర్రాడు. బాపు వొప్పుకోలేదు. "మామూలు బల్బుకు చేసిన అద్దంల అది పెడితే వెలుగంతా చెదిరి ఎదుటోని కండ్లల్ల పడ్తది. నాకు కనవడాలె గని, వానికి కండ్లు పోవద్దు" అన్నాడు. గోడముందు బండి నిలబెట్టి, వెలుతురు కిందికి వాలేలా దీపాల మరలు సరిచేయించాడు.

ఆ రాత్రి మళ్లీ అదే రోడ్డు మీద వెళ్లాం. రెండో షిఫ్టు దిగిన సైకిళ్లు యెంతో దూరం నుంచే కనిపించాయి. వాళ్ల మొహాలు కూడా తెలుస్తున్నాయి. బాపు వేగం తగ్గించి, డిప్పరు కొట్టి, వెలుతురు దించాడు. సైకిలు మీది మనిషొకడు చెయ్యెత్తాడు. నిన్నటి మనిషో, కాదో!

మీ యింట్లో స్కూటరో, పాత కారో వుంటే, యివాళ రాత్రి వొకసారి గోడముందు నిలబెట్టి దీపం వేసి చూడండి. పచ్చగా, నీరసంగా వుంటే మీవారు బల్బు కొనడానికి బయలుదేరతారు. ముందు ఎర్తు చూడమని చెప్పండి.